స్కాన్ చేస్తే పడే పేరు

కిందటి సంక్రాంతికి విజయవాడలో సత్యనారాయణపురం వెళ్లినప్పుడు, కొత్త క్యాలెండరు తగిలిద్దామని అమ్మ కుట్టుమిషను పక్కన ఉన్న పాతది తీశాను. దాని వెనక గోడకి క్యూఆర్ స్టిక్కరు కనిపించింది. మూడేళ్ల కిందట నేనే దగ్గరుండి అతికించాను దాన్ని. దుమ్ము పట్టలేదు, ఎండకి వెలిసిపోలేదు, నిన్న అతికించినట్టుంది.

"ఇదేంటమ్మా, స్కానర్ మీద క్యాలెండరు తగిలించావు?"

"మేకు అక్కడే ఉంది మరి."

ఆ మేకు అంతకుముందు కిటికీ పక్కన ఉండేది. దాన్ని పీకి, స్టిక్కరుకి జానెడు పైన కొట్టింది అమ్మే. పాత చోట కన్నం ఇంకా అలాగే ఉంది.

పెద్దవాళ్లకి ఫోన్లు చేతకావు అనే మాట మా అమ్మ విషయంలో చెల్లదు. వాట్సాప్‌లో జాకెట్టు మెడల డిజైన్లు పంపుతుంది. యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటూ సూదిలో దారం ఎక్కిస్తుంది. మనవడికి వీడియో కాల్‌లో పద్యాలు చెప్పి, తప్పు చదివితే ఫోనులోంచే గదమాయిస్తుంది. ఫోన్‌పే మాత్రం వద్దనుకుంది. ఎందుకో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది, అర్థమయ్యాక కాస్త సిగ్గేసింది కూడా. నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాను. డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో చూడటమే నా పని. మా ఇంట్లో డబ్బు ఎటు పోయిందో చూడలేకపోయాను.

అమ్మ పాతికేళ్లుగా చీరలకి ఫాల్సు కుడుతుంది, జిగ్‌జాగ్ చేస్తుంది. వచ్చిన డబ్బులు పోపుల డబ్బాలో, గిన్నెల కింద దాచేది. చిన్నప్పుడు స్కూల్లో పరీక్ష ఫీజు కట్టడానికి నేను తీసుకెళ్లిన నోట్లకి పసుపు మరకలు ఉండేవి, మెంతుల వాసన వచ్చేది. పది నోట్లు పోగైతే యాభై, యాభైలు పోగైతే ఐదొందలు చేసి బియ్యం డ్రమ్ములోకి మార్చేది. ఆ డబ్బుతోనే నాకు చెవి జూకాలు, తమ్ముడికి సైకిలు, పుట్టింటివాళ్ల శుభకార్యాలకి చదివింపులు. నాన్నకి తెలియదని కాదు. తెలిసినా అడిగేవారు కాదు, ఎందుకంటే ఎంతుందో ఆయనకి కనపడదు.

2016 నవంబరు 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవని టీవీలో చెప్పాక అమ్మ ఆ రాత్రంతా నిద్రపోలేదు. మర్నాడు డ్రమ్ములోంచి తీసి నాన్న ముందు పెట్టింది. ఐదొందల నోట్లు ఇరవై మూడు, వెయ్యి నోట్లు నాలుగు. మొత్తం పదిహేను వేల ఐదొందలు. గృహిణులు దాచుకున్న డబ్బు రెండున్నర లక్షల దాకా వేసుకుంటే ఎవరూ ఏమీ అడగరని ప్రభుత్వం చెప్పిందిగానీ, అమ్మకి సొంత ఖాతా ఉంటే కదా! అప్పట్లో మనిషికి నాలుగు వేలు మార్చుకోవచ్చన్నారు. ఆ వరసలో నిలబడే ఓపిక ఎవరికీ లేక, అంతా నాన్న ఖాతాలో వేశారు. "మా ఇంట్లో కూడా నల్లధనం బయటపడిందండోయ్" అని నాన్న రెండేళ్లపాటు చుట్టాలందరికీ చెప్పి నవ్వారు. అమ్మ కూడా నవ్వేది. ఆ పదిహేను వేలు తిరిగి డ్రమ్ములోకి మాత్రం రాలేదు. అడగలేదా అంటే, ఏమని అడుగుతుంది?

తర్వాత ఏడేళ్లకి నేను స్టిక్కరు తెచ్చాను. "ఆంటీ, స్కానర్ లేదా?" అని చీరలు తెచ్చే అమ్మాయిలు అడుగుతున్నారని అమ్మే చెప్పింది. ఇంట్లో ఉన్నది నాన్న ఖాతా, దానికి ఉన్నది నాన్న నంబరు. అరగంటలో పని అయిపోయింది. అప్పటి నుంచి ఫాల్సు డబ్బులు నాన్న ఖాతాలో పడటం మొదలైంది. మెసేజి నాన్న ఫోనుకి. వంట చేసుకుంటున్న అమ్మకి హాల్లోంచి వినపడేది: "ఏమే, వంద పడ్డాయి, ఎవరివి?"

నాన్న మంచివారు. అమ్మ అడిగితే ఏనాడూ లేదనలేదు. "దేనికే?" అంటారు, అంతే. పాతికేళ్లుగా ఆ ఒక్క మాట వినకుండా బతకడానికే కదా ఆవిడ పోపుల డబ్బా పెట్టుకుంది!

అంతకుముందు ఎవరైనా డిజిటల్ చెల్లింపుల గురించి అడిగితే నేను మంచి వకీలులా వాదించేదాన్ని. ఇప్పటికీ వాదిస్తాను, అనుభవించినదాన్ని కాబట్టి. సిటీ బస్సులో కండక్టరు టికెట్టు వెనక బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు తీసుకోమనేవాడు. బస్టాండులో తోపులాటలో దిగిపోయి, మర్నాడు పర్సులో ఆ టికెట్టు చూసుకుని ఏడ్చిన రోజులున్నాయి. లేదంటే ముక్కూమొహం తెలియని ఇద్దరికి కలిపి ఒకే నోటు చేతిలో పెట్టి "మీరిద్దరూ చూసుకోండి" అనేవాడు. కిరాణా కొట్లో రెండు రూపాయలకి రెండు చాక్లెట్లు ఇచ్చేవాళ్లు, మనం తిరిగి అదే చాక్లెట్లు ఇస్తే తీసుకోరు. చిల్లర అనే ఈ నిత్య తగాదాని యూపీఐ చప్పుడు లేకుండా తీర్చేసింది. 2016లో మొదలైన యూపీఐలో, 2025 ఆగస్టు ఒక్క నెలలోనే లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. దానికి కారణం దేశభక్తి అనీ సాంకేతిక విప్లవం అనీ రకరకాలుగా చెప్తారుగానీ, సగం పుణ్యం చిల్లరదే అని నా నమ్మకం.

కార్డులు ఎందుకు ఇంతగా పట్టలేదో కూడా బీసెంట్ రోడ్డులో నిలబడితే తెలిసిపోతుంది. ఆనించగానే డబ్బు కట్ అయ్యే కార్డులు మన దగ్గర యూపీఐ కంటే ముందే ఉన్నాయి. పిన్ లేకుండా రెండు వేల దాకా అనుమతి 2015లోనే ఇచ్చారు, 2021 జనవరి నుంచి దాన్ని ఐదు వేలు చేశారు. కానీ 2020 మార్చి నుంచి కొత్త కార్డుల్లో ఆ సదుపాయం ఆపేసి ఇవ్వాలి, కావలసినవాళ్లు ఆన్ చేసుకోవాలి. అది ఆఫ్‌లో ఉందని తెలిసినవాళ్లే తక్కువ. నేను ఆన్ చేసుకుని, ఒక బట్టల షాపులో "ట్యాప్ చేస్తాను" అంటే, ఆ కుర్రాడు నా చేతిలోంచి కార్డు తీసుకుని, మిషన్లో గుచ్చి, పిన్ కొట్టమని నా వైపు తిప్పాడు. మనకి ట్యాప్ అంటే కుళాయే. పైగా ఆ మిషను కావాలంటే బ్యాంకుతో ఒప్పందం, అద్దె, కమీషను. క్యూఆర్‌కి కావలసింది అట్టముక్క మీద అతికించిన కాగితం. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి కట్టాల్సిన కమీషను కూడా లేదు. కాబట్టి ఇడ్లీ బండికి, చెప్పులు కుట్టే ఆయనకి, పూల బుట్టకి చేరగలిగింది కాగితమే.

ఇంకో తేడా ఉంది. కార్డు మీద ఇచ్చేవాళ్ల పేరు ఉంటుంది. క్యూఆర్ స్కాన్ చేస్తే పుచ్చుకునేవాళ్ల పేరు పడుతుంది. అమ్మ క్యాలెండరు చూసొచ్చాక నేను ఆ పేర్లు చదవడం మొదలుపెట్టాను.

పటమట రైతుబజారు దగ్గర సాయంత్రాలు ఒక మామ్మ పూలమ్ముతుంది. బుట్ట అంచుకి సౌండ్ బాక్స్ కట్టి ఉంటుంది, వానకి తడవకుండా పాలిథీన్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి. నేను మూర మల్లెపూలు తీసుకుని స్కాన్ చేస్తే ఎవరో మగమనిషి పేరు పడింది. "మా పెద్దోడు" అంది. బాక్స్ తెలుగులో డబ్బులు అందాయని అరిచింది. ఆ రోజు నాదే బోణీ. మామ్మ చెయ్యి చాచి ఆ డబ్బాని తాకి, వేళ్లు కళ్లకద్దుకుంది. నోటైతే నోటునే అద్దుకునేది కదా అనుకున్నాను.

"రాత్రికి లెక్క చెప్తాడా నీ కొడుకు?"

"లెక్కేం చెప్తాడమ్మాయ్. పొద్దున పూలకి ఐదొందలు ఇస్తాడు. మిగతాయి ఆడికాడే ఉంటాయి. ఎక్కడికి పోతాయిలే."

ఆ "ఎక్కడికి పోతాయిలే" అన్నప్పుడు నా మొహం చూడలేదు, దండ సర్దుకుంటోంది. నేను కదలబోతుంటే మెల్లగా అంది: "నీ దగ్గర నోటుంటే నోటే ఇయ్యి ఈసారి."

తర్వాత నాలుగైదు సార్లు గమనించాను. నోటిచ్చిన వాళ్లకి మామ్మ కొలిచే మూర ఇంకో నాలుగు వేళ్లు పొడుగొస్తుంది. మోచేతి దగ్గర మొదలుపెట్టిన దండ మధ్యవేలి కొస దాటి కిందికి వేలాడుతుంది. నగదుకి ఆవిడ పెట్టుకున్న డిస్కౌంటు అది. సౌండ్ బాక్స్ మోసగాళ్ల నుంచి ఆవిడని కాపాడుతోంది, ఆ మాట నిజం. అంతకుముందు ఎవరో కుర్రాడు పచ్చ టిక్కు పడిన పాత స్క్రీన్‌షాటు చూపించి రెండు సార్లు పూలు పట్టుకుపోయాడట. చదువు రాని మనిషికి చెవిలో చెప్పే యంత్రం వచ్చింది, సంతోషమే. డబ్బులు అందాయి అని చెప్తుంది. ఎవరికి అందాయో చెప్పదు.

ఇస్త్రీ బండి దగ్గరా, ఇడ్లీల దగ్గరా, కూరగాయల దగ్గరా ఇదే వరస. చెయ్యి ఆడమనిషిది, పేరు మగమనిషిది. పోనీ పేరు ఆడమనిషిదైతే సరిపోతుందా అంటే, మా ఆటోనగర్‌కి రండి. మా షాపుకి వచ్చే చెల్లింపుల్లో ఆడపేర్లు బోలెడు. లారీ భార్య పేరు మీద, కంపెనీ భార్య పేరు మీద, ఖాతా భార్య పేరు మీద. ఆ లక్ష్మీదేవులెవరినీ నేను ఇంతవరకు చూడలేదు. ఫోను ఆయన జేబులో ఉంటుంది.

అసలు కీలకం అక్కడుంది. యూపీఐ యాప్ పెట్టుకోగానే అది చేసే మొదటి పని, ఆ ఫోనులో ఉన్న సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపడం. ఆ నంబరు ఏ ఖాతాకి జతపడి ఉందో చూసి, ఆ ఖాతాని తెచ్చి ముందు పెడుతుంది. డెబిట్ కార్డు చివరి ఆరంకెలో, ఆధార్ ఓటీపీయో కొట్టి పిన్ పెట్టుకోవడం ఆ తర్వాతి మాట. అంటే పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉన్నా, సిమ్ ఎవరి చేతిలో ఉంటే తాళం వాళ్ల దగ్గరున్నట్టే. 2014లో మొదలైన జన్‌ధన్ ఖాతాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే. మన డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకైతే బ్యాంకు మెట్లు కొత్తేమీ కాదు. ఖాతాలకి లోటు లేదు. దరఖాస్తులో మొబైల్ నంబరు అని ఒక గడి ఉంటుంది చూడండి, కథంతా అందులో జరుగుతుంది.

అమ్మకి ఖాతా తెరిపించడానికి తీసుకెళ్లినప్పుడు కౌంటరులో ఉన్నది ఆడపిల్లే, నా కంటే చిన్నది. అమ్మ వైపు చూస్తూనే అంది, "సార్ నంబరు చెప్పండమ్మా." ఆ పిల్లకి ఏ దురుద్దేశమూ లేదు. నాన్న కూడా అలవాటుగా "తొమ్మిది, నాలుగు, నాలుగు..." అని మొదలుపెట్టేశారు. అమ్మ పెన్ను కూడా ఎత్తింది. నేను చెయ్యి అడ్డం పెట్టి "అమ్మ నంబరు రాయండి" అంటే, ముగ్గురూ నేనేదో తగువు పెట్టుకున్నట్టు చూశారు. గ్యాస్ బుకింగు, రేషను కార్డు, ఆస్పత్రి చీటీ, అన్నింటిలో ఏళ్ల తరబడి ఆ గడిలో పడుతున్నది నాన్న నంబరే. అమ్మకి సొంత నంబరు వచ్చి పదేళ్లయింది. దాన్ని ఎవరూ ఎక్కడా రాయలేదు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేరులో ఉన్న మా తమ్ముడు దీన్ని ఒప్పుకోడు. "నాన్న దగ్గర అమ్మకి దాపరికం ఏంటక్కా? లెక్క కనపడటం మంచిదే కదా" అంటాడు. వాడి జీతం వాడి ఖాతాలో పడుతుంది, వాడి పిన్ వాడి భార్యకి తెలియదు. దాన్ని వాడు దాపరికం అనడు, ప్రైవసీ అంటాడు. డ్రమ్ములో డబ్బుకి వడ్డీ రాదు, దొంగల భయం ఉంటుంది, ఒక రాత్రిలో చెల్లకుండా పోవచ్చు అని వాడు చెప్పే మిగతా మాటలు ఒప్పుకుంటాను. చివరిది మా అమ్మకి వాడి కంటే బాగా తెలుసు.

లెక్క కనపడటం అందరికీ ఒకేలా మంచిది కాదని 2025 జూలైలో బెంగళూరు చిల్లర కొట్లవాళ్లు చూపించారు. యూపీఐలో పడిన మొత్తాలు చూసి వాణిజ్య పన్నుల శాఖ జీఎస్టీ నోటీసులు పంపితే, కొద్ది రోజుల్లో షాపుల ముందు స్టిక్కర్లు పీకేసి "నగదు మాత్రమే" అని బోర్డులు పెట్టారు. సరుకులకి ఏడాదికి 40 లక్షలు దాటితే రిజిస్టరు చేసుకోవాలన్న నిబంధన కొత్తది కాదు. పన్ను కట్టాల్సినవాళ్లు కట్టాలి, లెక్కలు రాసేదాన్ని నేను కాదంటానా? నేను చూసింది వేరే. జనం ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్నదాన్ని, తమని ఎవరో చూస్తున్నారని తెలిసిన వెంటనే వదిలేశారు. మగవాళ్లు బోర్డు పెడితే పేపర్లో వచ్చింది. మా అమ్మ క్యాలెండరు తగిలించింది.

2024 ఆగస్టులో యూపీఐ సర్కిల్ అని ఒకటి తెచ్చారు. ఒకరి ఖాతాలోంచి ఇంకొకరు చెల్లించుకోవచ్చు. నెలకి పదిహేను వేలు, ఒక్కోసారికి ఐదు వేలు మించకుండా హద్దు పెట్టుకోవచ్చు, లేదా ప్రతిసారీ ఖాతాదారు సరే అంటేనే డబ్బు కదిలేలా పెట్టుకోవచ్చు. హాస్టల్లో ఉన్న పిల్లలకి, మంచంలో ఉన్న ముసలివాళ్లకి ఇది చక్కటి ఏర్పాటు. దీన్ని భార్యలకి కూడా వరంలా చెప్పేవాళ్లని చూస్తేనే నాకు మండుతుంది. కూరగాయల బండి దగ్గర నిలబడి, ఆఫీసులో ఉన్న మొగుడు ఫోనులో "సరే" నొక్కేదాకా ఎదురుచూడటం! "దేనికే?" అన్న మాటకి ఒక యాప్ కట్టి ఇచ్చారు.

అదే చేతులతో తయారైన యూపీఐ లైట్ మాత్రం, బహుశా ఎవరూ అనుకోకుండా, మా అమ్మకి సరిపోయింది. ఫోనులో చిన్న సొమ్ము వేసి ఉంచుకుంటాం, ఇప్పుడు ఐదు వేల దాకా ఉంచుకోవచ్చు. వెయ్యి లోపు చెల్లింపులకి పిన్ అక్కర్లేదు. పాసుబుక్కులో ఆ మొత్తం ఒక్కసారే పడుతుంది. పాలకెంత, దారాలకెంత, చెల్లెలి మనవరాలి పుట్టినరోజుకెంత అని ఒక్కొక్కటీ పడదు. 2022లో ఇది మొదలుపెట్టింది సర్వర్ల మీద భారం తగ్గించడానికి. దీన్ని అమ్మకి వివరిస్తే శ్రద్ధగా విని, "అంటే పోపుల డబ్బానే కదుటే" అంది. దాన్ని ఇంత కంటే బాగా వివరించిన ప్రకటన నేను చూడలేదు.

నోటు పోవాలని నేను అనను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, మా పిన్ని మేడ మీద మూడు రోజులు కరెంటు లేకుండా ఉంది. ఫోను మొదటి రాత్రే ఆగిపోయింది. పాల ప్యాకెట్లు, నీళ్ల డబ్బాలు తెచ్చినవాళ్లకి ఇచ్చింది డబ్బాలోంచి తీసిన పది, ఇరవై నోట్లే. ఆ వీధిలో యాప్‌లు తప్ప నోట్లు లేనివాళ్లు పిన్ని దగ్గర అప్పు తీసుకున్నారు. అంతెందుకు, ఇంత డిజిటల్ గురించి మాట్లాడే మన రాష్ట్రమే నెల మొదట్లో నాలుగు వేల పింఛను ఇంటికొచ్చి నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడుతోంది. 2024 ఎన్నికలప్పుడు మే నెలది బ్యాంకు ఖాతాల్లో వేస్తే ముసలివాళ్లు ఎండలో బ్యాంకుల ముందు పడిగాపులు పడ్డారు. చేతిలో పెడితే అది ఎవరి చెయ్యో తెలుస్తుంది.

పూల మామ్మకి కూడా సొంత స్టిక్కరు తెప్పిస్తానని అన్నాను. "వద్దులే అమ్మాయ్, పెద్దోడు ఏమనుకుంటాడో" అంది. బలవంతం చేయలేదు. నేను ఆ బుట్ట దగ్గరికి ఇరవై రూపాయల నోట్లు విడిగా పెట్టుకుని వెళ్తున్నాను ఇప్పుడు. మా ఆఫీసులో యూపీఐ గురించి నా ఉపన్యాసాలు విన్నవాళ్లకి ఈ సంగతి తెలియదు.

అమ్మ పేరుతో కొత్త స్టిక్కరు వచ్చి ఆరు నెలలయింది. ఈసారి నేను అతికించలేదు. తనే కిటికీ పక్కన, పాత మేకు కన్నం మూసుకుపోయేలా అతికించుకుంది. నా ఫోను నుంచి ఒక రూపాయి పంపించమని, తన ఫోను మోగేదాకా కళ్లజోడు తీయలేదు. ఇప్పుడు చీరలు తెచ్చిన అమ్మాయిలు ఎలా ఇచ్చినా తీసుకుంటుంది. క్యాలెండరు తలుపు వెనక్కి పోయింది.

మొన్న ఆదివారం అందరం అన్నానికి కూర్చున్నాం. అమ్మ ఫోను టింగుమంది. చూసి, బోర్లించి పక్కన పెట్టింది. నాన్న కూర కలుపుకుంటూ అడిగారు, "నీ అకౌంట్లో ఇప్పుడు ఎంతుందే?"

"ఉంది లెండి. పెరుగు వేసుకుంటారా?"